డిసెంబరులో హైదరాబాద్ – ఢిల్లీ – బాగ్‌డోగ్రా: ఎండ పడకూడదు, కొండలు కనపడాలి. ఏ వైపు సీటు తీసుకోవాలి?

మామిడితోపు (ప్రశ్న)

డిసెంబరు రెండో వారంలో అమ్మానాన్నలను తీసుకుని డార్జిలింగ్ వెళ్తున్నాం. టికెట్లు బుక్ అయ్యాయి, సీట్లు మాత్రం ఇంకా ఎంచుకోలేదు. టైమింగ్స్ ఇవి:

హైదరాబాద్ – ఢిల్లీ: ఉదయం 6.15 నుంచి 8.30
ఢిల్లీ – బాగ్‌డోగ్రా: 11.20 నుంచి 1.30
బాగ్‌డోగ్రా – హైదరాబాద్ (డైరెక్ట్): మధ్యాహ్నం 2.30 నుంచి 4.55

మూడూ ఎయిర్‌బస్ ఏ320లే, అటు మూడు ఇటు మూడు సీట్లు. నాన్నగారికి ఈమధ్యే శుక్లం ఆపరేషన్ అయింది, ఎండ సూటిగా కళ్లలో పడితే ఓర్చుకోలేరు. అమ్మకేమో ఎవరెస్టు చూడాలని ఉంది. షేడ్ దించితే నాన్నకు హాయి, కానీ అమ్మకు ఏమీ కనపడదు. ఒకే వైపు ముగ్గురం కూర్చుని ఇద్దరికీ ఇబ్బంది లేకుండా చేసుకోవచ్చా? ఎన్నో వరుస మంచిది? డబ్బు కట్టి సీటు తీసుకోవడానికి అభ్యంతరం లేదు, కట్టాక తప్పు సీటు రాకూడదంతే.

దిక్సూచి

నీడ ఒక వైపు, దృశ్యం ఇంకో వైపు ఉంటాయని భయపడుతున్నారు గానీ, చాలా రూట్లలో రెండూ ఒకే వైపు దొరుకుతాయండి. సూర్యుడు మన వీపు వైపు ఉంటేనే ఎదురుగా ఉన్న కొండ మీద వెలుగు పడుతుంది. సూర్యుడున్న వైపు కిటికీలోంచి చూస్తే కొండ నల్లటి నీడలా ఉంటుంది, గాజు మీది గీతలూ మరకలూ అన్నీ మెరుస్తాయి. అందుకని ఎండ పడని వైపు ఎంచుకుంటే చాలావరకు దృశ్యం కూడా మీదే. సూర్యోదయం, సూర్యాస్తమయం చూడాలనుకున్నప్పుడు, నదులూ చెరువులూ అద్దంలా తళుక్కుమనడం చూడాలనుకున్నప్పుడు మాత్రమే ఎండ వైపు కూర్చోవాలి.

లెక్క ఇలా వేయండి. విమానం ముక్కు వైపు తిరిగి కూర్చుంటే ఏ (A) సీటు ఎడమ కిటికీ, ఎఫ్ (F) సీటు కుడి కిటికీ. ఉత్తరానికి వెళ్తుంటే ఏ పడమర, ఎఫ్ తూర్పు. దక్షిణానికి వెళ్తే తిరగబడుతుంది. తూర్పుకు వెళ్తే ఏ ఉత్తరం, ఎఫ్ దక్షిణం. పడమరకు వెళ్తే ఏ దక్షిణం, ఎఫ్ ఉత్తరం. ఇక సూర్యుడు ఎక్కడుంటాడో చూడాలి. టికెట్ మీది టైమ్ కాదు, దానికి ఓ 20 నిమిషాలు కలిపి చూడండి, ఎందుకంటే రన్‌వే మీదికి వెళ్లేసరికి అంత పడుతుంది. డిసెంబరులో మన దగ్గర సూర్యుడు తూర్పున కాదు, తూర్పు-ఆగ్నేయంలో ఉదయిస్తాడు. 9 గంటలకు ఆగ్నేయంలో సుమారు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణం వైపే. జూన్‌లో తూర్పు-ఈశాన్యం నుంచి పైకొస్తాడు కాబట్టి ఒకే ఫ్లైట్‌కి జూన్‌లో, డిసెంబరులో జవాబు వేరుగా రావచ్చు.

మీ మూడు ప్రయాణాలు:

హైదరాబాద్ – ఢిల్లీ దాదాపు నిక్కచ్చిగా ఉత్తరానికి. సూర్యుడు కుడివైపు, కొంచెం వెనకగా. ఏ (A) వైపు తీసుకోండి. నీడ గ్యారంటీ. విమానం పైకి లేచేకొద్దీ దిగంతం కిందికి జారుతుంది, 35,000 అడుగుల మీద నేల మీదికంటే దాదాపు పావుగంట ముందే సూర్యుడు కనపడతాడు. మీరు లేచే టైముకి హైదరాబాద్‌లో అప్పుడే తెల్లవారుతూ ఉంటుంది, అందుకే ఎక్కిన కాసేపటికే కుడివైపు వాళ్ల మొహాల మీద ఎండ ఉంటుంది.

ఢిల్లీ – బాగ్‌డోగ్రా తూర్పుకు, కాస్త దక్షిణం ఒరిగి. ఏ అంటే ఉత్తరం, అంటే హిమాలయాలు. సూర్యుడు పూర్తిగా దక్షిణాన, 35-40 డిగ్రీల ఎత్తులో, ఎఫ్ వైపు. మీకు ఇంతకంటే మంచి కలయిక దొరకదు. కళ్లు మూసుకుని ఏ (A) వైపు తీసుకోండి.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం కాబట్టి సూర్యుడు పడమర వైపు ఉంటాడు. అది కూడా ఏ వైపే తీసుకోండి.

రెక్కవరుస

వైపు తేలింది కాబట్టి వరుస గురించి చెప్తాను. డబ్బు కట్టి మరీ మోసపోయేది ఇక్కడే.

186 సీట్ల ఏ320లో ఎగ్జిట్ వరుసలు (అత్యవసర ద్వారాల పక్కవి) సాధారణంగా 12, 13. అవి రెక్క మీదే ఉంటాయి. ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకు ఆ వరుస ఇవ్వరు, కాలు చాపుకోవచ్చని దానికి డబ్బు కట్టకండి. దాదాపు 10 నుంచి 20 వరుసల దాకా కిందికి చూస్తే రెక్కే కనపడుతుంది. ఇంజన్ రెక్క ముందు వేలాడుతుంటుంది కాబట్టి 8, 9 వరుసల్లో కూడా కింద సగం దానిదే. కిందికి చూడాలంటే 3 నుంచి 7 లోపు. 22 దాటాక కూడా రెక్క అడ్డు తొలగిపోతుంది గానీ ఇంజన్ నుంచి వచ్చే వేడి గాలి మధ్యలో పడి, దూరపు దృశ్యం ఎండాకాలం రోడ్డు మీద ఎండమావిలా అల్లాడుతుంది. కంటికి ఫర్వాలేదు, జూమ్ చేసి ఫొటో తీస్తే మాత్రం మసక.

ఇంకోటి, ఎవరూ చెప్పరు: కిటికీ సీటుకి కిటికీ సరిగ్గా పక్కనే ఉండాలని రూలేం లేదు. విమానం ఒంటికి పక్కటెముకల్లాంటి ఫ్రేములుంటాయి, ఏ320లో వాటి మధ్య దూరం 21 అంగుళాలు. రెండేసి ఫ్రేముల మధ్య ఒక కిటికీ. సీట్లు మాత్రం 28 నుంచి 30 అంగుళాలకొకటి వేస్తారు. రెండు లెక్కలూ కలవవు కాబట్టి ఒక వరుసలో కిటికీ సరిగ్గా భుజం పక్కన వస్తుంది, ఇంకో వరుసలో రెండు కిటికీల మధ్య గోడ వస్తుంది, ముందుకు వంగి చూడాలి. బోయింగ్ 737 అయితే ఇంకా ఘోరం, రెక్కకు కాస్త ముందు, 9-12 మధ్య ఏదో ఒక వరుసలో కిటికీయే ఉండదు, గోడలోంచి ఏసీ గొట్టం పోతుంది. సీటు మ్యాపులో మాత్రం దాన్ని కూడా కిటికీ సీటుగానే చూపించి అదే రేటు తీసుకుంటారు.

సీటు మ్యాపు చూసేటప్పుడు ముక్కు ఎటుందో మొదట చూసుకోండి. ఫోన్లో కొన్ని యాప్‌లు మ్యాపును పడుకోబెట్టి చూపిస్తాయి. తెర మీద ఎడమ పక్కనున్నది విమానం ఎడమ పక్క కాదు. ఎడమ, కుడి అని కాకుండా ఏ, ఎఫ్ అన్న అక్షరాలనే నమ్ముకోండి.

మీ ముగ్గురికీ: అమ్మగారు ఏ, మీరు బి, నాన్నగారు సి. పొద్దుటి ఢిల్లీ ఫ్లైట్‌లో మాత్రం ఒక చిక్కుంది. సూర్యుడు 10 డిగ్రీల లోపు ఎత్తులో ఉన్నప్పుడు కుడి కిటికీలోంచి వచ్చిన ఎండ నడవ దాటి సి సీటు దాకా వస్తుంది. వెలుగు కాస్త వెనక నుంచి వస్తుంది కాబట్టి కళ్లలో కాకుండా చెంప మీదా, ముందు సీటు వీపు మీదా పడుతుంది. నాన్నగారికి డాక్టరు ఇచ్చిన నల్ల కళ్లద్దాలు చెకిన్ బ్యాగులో వేసేయకుండా చేతి సంచిలో ఉంచండి. ఎండ 30 డిగ్రీలు దాటాక ముఖం మీద పడదు, కిటికీ పక్కనున్న వాళ్ల ఒడి మీద పడుతుంది.

ఉత్తరంకిటికీ

దిక్సూచి గారూ, మొదటి రెండూ అక్షరాలా నిజం. తిరుగు ప్రయాణం దగ్గర మాత్రం ఒప్పుకోను. బాగ్‌డోగ్రా నుంచి హైదరాబాద్ పడమరకు కాదు, నైరుతికి, దాదాపు 225 డిగ్రీలు (ఉత్తరాన్ని సున్నా అనుకుని గడియారం తిరిగే వైపు లెక్క). డిసెంబరులో బాగ్‌డోగ్రాలో 2.30కి సూర్యుడు ఎక్కడుంటాడు? అక్కడ మిట్టమధ్యాహ్నం అనేది 11.30 ప్రాంతంలోనే అయిపోతుంది, రేఖాంశం 88 డిగ్రీలు కదా. 2.30కల్లా సూర్యుడు కూడా నైరుతిలోనే, 225 డిగ్రీల దగ్గరే ఉంటాడు. అంటే విమానం సూటిగా సూర్యుడి మొహంలోకి వెళ్తుంది, ఎండ పైలట్లకే, ఏ కిటికీకీ రాదు. ఆ తరవాత మెల్లగా కుడికి జరుగుతాడు గానీ దిగే వేళకి కూడా ముక్కు నుంచి 15 డిగ్రీలే పక్కకు. అంత వాలుగా ఉంటే కిటికీని ఒరుసుకుంటూ పోతుంది తప్ప లోపలికి పెద్దగా రాదు.

ఎండ సమస్య లేదన్నాక ఎఫ్ వైపు వదులుకోవడమెందుకు? కాంచనగంగ బాగ్‌డోగ్రాకు ఉత్తరంగా, సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. నైరుతికి తిరిగాక అది కుడివైపు వెనక్కి వస్తుంది. అందుకే ఈ ఒక్క ఫ్లైట్‌కి రెక్క వెనక వరుస మంచిది, 23 నుంచి 27 మధ్య ఎఫ్. లేచిన మొదటి పది నిమిషాలే చూడగలరు, మధ్యాహ్నం కాబట్టి మబ్బు పట్టే అవకాశమూ ఉంది. అయినా ఏ (A) వైపు కూర్చుంటే ఆ అవకాశం కూడా ఉండదు.

దారి నేరుగా ఉంటే దిగడం మొదలయ్యే ముందు, అంటే ల్యాండింగ్‌కి అరగంట ముందు, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు కూడా కుడివైపే వస్తుంది. డిసెంబరులో ఇసుక తిన్నెల మధ్య రెండు పాయలూ విడివిడిగా తెలుస్తాయి.

ఇప్పుడు ఎవరెస్టు సంగతి. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, కిటికీ నిండా కనపడదు. 100 కిలోమీటర్లకు పైనే దూరంలో ఉంటుంది. గంగా మైదానం మీది పొగమంచు అంతా కింద బూడిద రంగు దుప్పటిలా పరుచుకుని ఉంటుంది, దాని పైన తెల్లటి పళ్ల వరస. విమానం 35,000 అడుగుల మీద, అంటే 10.7 కిలోమీటర్లు, ఎవరెస్టు 8,849 మీటర్లు. దిగడం మొదలయ్యేదాకా మనమే దానికంటే ఎత్తులో ఉంటాం కాబట్టి పైకి వెతక్కండి, దిగంతపు గీత మీదే చూడండి.

ఢిల్లీ నుంచి తూర్పుకు వెళ్తుంటే వరసగా వచ్చేవి: మొదట దూరంగా ఉత్తరాఖండ్ కొండలు, నందాదేవి. సగం దారి దాటాక ధవళగిరి (8,167 మీటర్లు), ఆ వెంటనే అన్నపూర్ణ, తరవాత మనాస్లు. ఆపైన కాసేపు పెద్ద శిఖరాలేవీ లేనట్టుంటుంది. అప్పుడొచ్చే గుంపే ఎవరెస్టు, లోత్సే, మకాలు. గుర్తు పట్టేదిలా: చుట్టూ అన్నీ తెల్లగా మెరుస్తుంటే ఒక అడ్డగోడ వెనక నుంచి నల్లటి త్రికోణం తల ఎత్తి ఉంటుంది. పైన గాలి వేగానికి మంచు నిలవక రాయి బయటపడి నల్లగా ఉంటుంది. అదే ఎవరెస్టు. ముందున్న గోడ నుప్త్సే – లోత్సేలది. దానికి కుడిపక్కన విడిగా కుర్చీ ఆకారంలో ఉండేది మకాలు. చాలామంది మకాలునే ఎవరెస్టు అనుకుని ఫొటో తీసుకుంటారు, ఎందుకంటే అది మనకు దగ్గరగా ఉండి పెద్దగా కనిపిస్తుంది. ఇంకా తూర్పున ఒంటరిగా, వెడల్పుగా, ఐదు కొప్పులతో ఉండేది కాంచనగంగ, 8,586 మీటర్లు.

ఎప్పుడు చూడాలి? బాగ్‌డోగ్రాకు 200 కిలోమీటర్ల ముందు విమానం దిగడం మొదలుపెడుతుంది. ఎవరెస్టు పక్కనుంచి వెళ్లేది 140 కిలోమీటర్ల ముందు. కాబట్టి దిగుతున్నామని ప్రకటన వచ్చిన వెంటనే కిటికీకి అతుక్కుపోవాలి, ఆ తరవాత ఐదారు నిమిషాలే ముఖ్యం. వాష్‌రూమ్ పని, తిండి పని అంతకుముందే కానివ్వండి. అమ్మగారికి ధవళగిరి కనపడిన దగ్గర నుంచే చూడమని చెప్పండి, కన్ను అలవాటు పడుతుంది.

రెక్కవరుస

ఉత్తరంకిటికీ గారి మాటకు ఒక చేర్పు. ఢిల్లీ – బాగ్‌డోగ్రాలో 3-7 వరుసలు దొరక్కపోతే దిగులు పడకండి. కొండలు కింద కాదు, దిగంతం మీద ఉంటాయి కాబట్టి రెక్క మీది వరుసల్లో కూడా కనిపిస్తాయి. రెక్క కొసన నిలువుగా లేచి ఉండే షార్క్‌లెట్, 2.4 మీటర్ల ఎత్తుది, అది మాత్రం కాసేపు అడ్డం వస్తుంది. ముందు వరుస ఎఫ్ కంటే రెక్క మీది ఏ (A) వెయ్యి రెట్లు నయం.

ఫొటో గురించి కూడా. విమానం కిటికీకి మూడు పలకలుంటాయి. మన చెయ్యి తగిలేది గీతలు పడకుండా పెట్టిన ప్లాస్టిక్ పలక, మధ్య పలకకు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం చుట్టూ మంచు పువ్వుల్లా పట్టి ఉంటుంది, కాబట్టి కిటికీ పై సగంలోంచి తీయండి. ఫోన్‌ను పలకకు ఒక వేలు దూరంలో పెట్టాలి. ఆనిస్తే అదురు వల్ల చెదిరిపోతుంది, దూరం పెడితే మీ చొక్కా రంగే ఫొటోలో కనపడుతుంది. అందుకని ఆ రోజు ముదురు రంగు బట్టలు వేసుకుంటే మంచిది. కెమెరాకు పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, ఆ ప్లాస్టిక్‌లోంచి చూస్తే ఇంద్రధనుస్సు చారలు వస్తాయి.

బాగ్‌డోగ్రా వాయుసేన స్థావరం. నేల మీద, దిగేటప్పుడు, లేచేటప్పుడు ఫొటోలు తీయకూడదు. పైన ఉండగా తీసుకుని, కిందికి దగ్గరవుతున్నప్పుడు ఫోన్ జేబులో పెట్టేయండి. షేడ్ దించమని సిబ్బంది చెబితే దించాల్సిందే.

దిక్సూచి

ఉత్తరంకిటికీ గారూ, మీరు చెప్పిందే సరైనది. మధ్యాహ్నం అనగానే పడమర అనేసుకున్నాను, బాగ్‌డోగ్రాలో సూర్యుడు మనకంటే దాదాపు 40 నిమిషాలు ముందుంటాడన్నది లెక్కలోకి తీసుకోలేదు. మామిడితోపు గారూ, తిరుగు ప్రయాణానికి ఎఫ్ తీసుకోండి.

డిసెంబరు ఢిల్లీ కాబట్టి ఇంకొక్క మాట. పొగమంచు పడితే ఉదయం 8.30కి దిగాల్సిన ఫ్లైట్‌కి 11 అయినా కావచ్చు. మీకు మధ్యలో 2 గంటల 50 నిమిషాలే ఉంది. రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తప్పిపోయినా తరవాతి దాంట్లో పంపే బాధ్యత వాళ్లదే. విడివిడి టికెట్లయితే, పైగా ఒకటి టెర్మినల్ 1, ఇంకొకటి టెర్మినల్ 3 అయితే, పెద్దవాళ్లతో ఆ మారడానికే గంట పడుతుంది. సీటుకు డబ్బు కట్టే ముందు అది చూసుకోండి. ఫ్లైట్ మారితే కొన్న సీటు దానంతటదే కొత్త ఫ్లైట్‌కి రాదు, కౌంటర్‌లో అడిగి మళ్లీ ఏ వైపే వేయించుకోవాలి.

సీలేరు

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మే నెలలో హైదరాబాద్ – తిరుపతి, సాయంత్రం 5 గంటల ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం). తిరుగు మర్నాడు కాదు, ఎల్లుండి ఉదయం 7కి. దీనికెలా?

దిక్సూచి

ఇది నీడా దృశ్యమూ విడిపోయే రకం. తిరుపతికి వెళ్లేది దక్షిణానికి, కాస్త తూర్పు ఒరిగి. శ్రీశైలం జలాశయం కిందగా, కుడివైపుకు వస్తుంది. శేషాచలం కొండలు రేణిగుంట విమానాశ్రయానికి పడమర కాబట్టి అవీ కుడివైపే. మే సాయంత్రం సూర్యుడు పడమర-వాయవ్యంలో ఉంటాడు, అంటే కుడివైపు వెనక నుంచి. కుడి కిటికీ తీసుకుంటే మాడిపోతారు, కొండలు కూడా ఎండకెదురుగా నల్లగానే కనపడతాయి. జలాశయం మే నెలలో ఎలాగూ అడుగంటి ఉంటుంది. వెళ్లేటప్పుడు ఎడమవైపు నీడలో కూర్చుని, కొండల్ని తిరుగు ప్రయాణానికి దాచుకోండి. ఉదయం 7కి ఉత్తరానికి వస్తుంటే సూర్యుడు కుడివైపు, కొండలు ఎడమవైపు, వాటి మీద పొద్దుటెండ. రెండుసార్లూ ఎడమే, రెండుసార్లూ ఏ.

ఏటీఆర్‌లో అటు రెండు ఇటు రెండు సీట్లే. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి చూడ్డానికి అడ్డం లేదు. ముందు వరుసల పక్కన ప్రొపెల్లర్ తిరుగుతుంటుంది, చప్పుడు ఎక్కువ, ఫోన్లో వీడియో తీస్తే దాని ఆకులు వంకర్లు తిరిగి వస్తాయి. నడుమ వరుసల్లో చక్రాలు దాచే ఉబ్బు కిందికి చూపు ఆపుతుంది. చివరి మూడో వంతు తీసుకోండి, తలుపు కూడా వెనకే కాబట్టి ముందు దిగొచ్చు.

మామిడితోపు

అందరికీ ధన్యవాదాలండి. రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ మీదే ఉన్నాయి, ఇప్పుడే చూశాను. ఢిల్లీకి 6 ఏ, బి, సి. బాగ్‌డోగ్రాకు 5వ వరుస దొరికింది, ఏ, బి, సి. తిరుగుకి 24 డి, ఈ, ఎఫ్. తిరుగులో నాన్నను డిలో కూర్చోబెడితే ఎండ పడదు కదా?

ఉత్తరంకిటికీ

పడదు. సూర్యుడు ముక్కు వైపే ఉంటాడు. హైదరాబాద్‌లో చలికాలం గాలి తూర్పు నుంచి వీస్తుంటే రన్‌వే 09 మీద, తూర్పుకు మొహం పెట్టి దిగుతారు, అప్పుడు సూర్యుడు పూర్తిగా వెనక్కి పోతాడు. ఆ చివరి మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఓ నిమిషం ఎండ క్యాబిన్ అంతా ఒకసారి తుడుచుకుంటూ పోతుంది, నాన్నగారిని కళ్లద్దాలు పెట్టుకోమనండి. బాగ్‌డోగ్రా వెళ్లేటప్పుడు 5ఏ దగ్గర కిటికీ కాస్త వెనగ్గా వచ్చిందనిపిస్తే అమ్మగారి సీటు ఒక మెట్టు వెనక్కి వాల్చండి, దిగుతున్న ప్రకటన తరవాత నిటారుగా పెట్టమంటారు కాబట్టి అప్పుడు వెన్ను వెనక దిండు తీసేస్తే సరిపోతుంది.